సెటిల్డ్ అంటే మంచిదే అన్నాను

ఒక మాటను ఏళ్ల తరబడి మోస్తున్నాను. పెద్ద మాట కాదు. "మంచిదే." అంతే. నన్ను నమ్మిన మనిషి ఒక ఇంగ్లీషు ముక్కకు అర్థం అడిగితే, తెలిసి తెలిసి ఆ జవాబు చెప్పాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లలో ఒక్కరికీ చెప్పలేకపోయాను.

వరుసగా చెప్పాలి. వరుస తప్పితే నన్ను నేను కాపాడుకోవడం మొదలుపెడతాను.

పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ టైం ఆఫీసులో నా ఉద్యోగమంతా గడిచింది. ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారు, ఎవరు ఆలస్యమయ్యారు అన్నది చూసే పని. చదువు అంతగా రానివాళ్లు బ్యాంకు కాగితాలూ కోర్టు కాగితాలూ నా దగ్గరికే తెచ్చేవాళ్లు. యాదగిరి లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. నాకంటే చిన్నవాడు. పోతిరెడ్డిపల్లిలో నేను ఇల్లు మొదలుపెట్టి లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు జమానతు అడిగారు. యాదగిరి భోజనం గంటలో వచ్చి, చేతి నూనె ప్యాంటుకు తుడుచుకుని సంతకం చేశాడు. ఎంత లోను అని కూడా అడగలేదు.

తర్వాత ఫ్యాక్టరీ లాకౌట్ అయింది. నా కిస్తులు ఆగిపోయాయి. మళ్లీ తెరిచాక పాత జీతం అంతా ఒకేసారి చేతికొచ్చింది. అప్పుడే బ్యాంకువాళ్లు ఫోన్ చేసి, కొంత కడితే మిగతాది వదిలేసి సెటిల్‌మెంట్ చేస్తామన్నారు. వెళ్లాను. కౌంటర్‌లో ఉన్న ఒక పెద్దాయన గొంతు తగ్గించి చెప్పాడు.

"సార్, ఇట్ల కడితే రికార్డుల సెటిల్డ్ అని పడతది. మీకే కాదు, జమానతు ఉన్నాయనకు గూడ పడతది. మొత్తం కడితే క్లోజ్డ్ అని వస్తది. ఆలోచన చేసుకోండి."

మొత్తం కట్టే డబ్బు నా దగ్గర ఉంది. కానీ పై అంతస్తుకు స్లాబు వేయించాలని ఉంది. యాదగిరి కిరాయి ఇంట్లో ఉండే మనిషి, వాడికి లోన్లతో ఏం పని అనుకున్నాను. ఆలోచన చేసుకోమన్నారు కదా, నేను చేసుకున్న ఆలోచన అదీ.

మన దగ్గర సెటిల్ అన్న మాటకు చెడ్డ పేరు లేదు. భూమి తగాదా సెటిల్ అయిందంటే అందరికీ సంతోషం. పిల్లవాడు సెటిల్ అయ్యాడంటే స్వీట్లు పంచుతాం. "లోను సెటిల్ అయింది యాదగిరీ" అని నేను చెప్తే, నన్ను క్యాంటీన్‌కు తీసుకుపోయి చాయ్ తాగించాడు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే మిగతాది మీకు చిన్నదిగా కనిపిస్తుంది. మా వైపు చాలామంది ఇంటి ఓనర్లు కిరాయిదార్ల ఇంట్లో చావు జరిగితే శవాన్ని లోపల ఉంచనివ్వరు. ఇల్లు మైలపడుతుందంటారు. యాదగిరి తల్లి ఆస్పత్రిలో పోయినప్పుడు ఆమెను గుమ్మం దాటనివ్వలేదు. గల్లీలోనే పడుకోబెట్టారు. వాన పడుతోంది. నలుగురం నాలుగు మూలలా టార్పాలిన్ పట్టుకున్నాం. ఒక మూల నాది. నీళ్లు నా మోచేతి మీదుగా చొక్కాలోకి దిగుతుంటే యాదగిరి అన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఇగ మా ఇంట్ల ఎవ్వల్ని గిట్ల రోడ్డు మీద పండవెట్ట సారూ. రెండు రూములైనా సరే, సొంతం కొంట."

కొన్నేళ్లకు నేను రిటైర్ అయ్యాను. ఆ తర్వాత ముత్తంగి వైపు, గోదాముల వెనక, అతనికి నిజంగానే రెండు గదుల ఇల్లు దొరికింది. అడ్వాన్సుగా బయానా ఇచ్చాడు. బ్యాంకుకు వెళ్తే, పాత అప్పులు ఎలా కట్టారో చూసి వేసే స్కోరు బాగాలేదని, రిపోర్టు చేతిలో పెట్టి పంపేశారు. అది పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"నేనెన్నడు ఒక్క కిస్తు తప్పలే సారూ. బండి లోను గూడ తారీఖు కంటె ముందే కట్టిన. జెర సూడు, ఏం రాసిండ్రో."

చూశాను. జమానతు లోను ఒక గడిలో ఉంది. దాని ఎదురుగా ఆ మాట. అతని వేలు కూడా అక్కడే ఆగింది.

"గీ లోను నాది గాదు గద?"

"నాది. నువ్వు జమానతు. అది ఎప్పుడో అయిపోయింది."

"మరి గీ సెటిల్డ్ అంటే ఏంది? మంచిదే గద?"

"మంచిదే."

యాదగిరి నవ్వాడు. "మా బామ్మర్ది గూడ దుబాయ్‌ల సెటిల్ అయిండని మా అత్త ఊరంత చెప్తది. గాయన స్కోరు గూడ గిట్లనే ఏడ్సి ఉంటది."

నేను కూడా నవ్వాను. అవును, నవ్వాను.

తర్వాత చెప్పింది ఇంకా ఘోరం. నీకు లోన్లు తీసుకున్న అలవాటు తక్కువ, అందుకే స్కోరు తక్కువ అన్నాను. చిన్న లోను తీసుకుని తారీఖుకు కడుతూ పో, పెరుగుతుంది అన్నాను. ఆ సలహాలో అబద్ధం లేదు, అదే నా తెలివి. మామూలుగా ఎవరికైనా చెప్పే సలహానే, అతని రోగానికి పనికిరాదని తెలిసి ఇచ్చాను. అతను కిస్తుల మీద ఫ్రిజ్ కొన్నాడు. "తినెటందుకే మిగలదు, ఇగ దీంట్ల ఏం దాసుకోవాలె, మీ సారు కాగితాలా?" అని సత్తెమ్మ, అతని భార్య, నా ముందే ఎగతాళి చేసింది. కిస్తు కట్టిన ప్రతిసారీ రసీదు తెచ్చి నాకు చూపించేవాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని చూసేవాణ్ని. స్కోరు కొంచెం కదిలేది. చాలేది కాదు. ఇల్లు అమ్మేవాడు కొన్నాళ్లు ఆగి వేరేవాళ్లకు అమ్మేశాడు. బయానా పోయింది.

ఏం చేస్తే బాగవుతుందో నాకు తెలియదా? తెలుసు. బ్యాంకు వదిలేసిన సొమ్ము నేను వెళ్లి కట్టాలి. బాకీ లేదని కాగితం తీసుకోవాలి. రికార్డులో క్లోజ్డ్ అని మార్పించాలి. కొన్ని వారాల పని. ఎందుకు చేయలేదు? యాదగిరికి తెలిసిపోతుందనా? అతనికి చెప్పకుండానే కట్టవచ్చు. పరువు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పరువు కాదు. నా డబ్బు డిపాజిట్‌లో ఉంది, గడువు తీరకముందే తీస్తే వడ్డీ పోతుంది. ఇదీ కారణం. ఇంతకంటే పెద్ద కారణం కోసం, కనీసం చెప్పుకోవడానికి కాస్త మర్యాదగా ఉండే కారణం కోసం, ఎన్నో రోజులు నాలోపల వెతుక్కున్నాను. దొరకలేదు.

సత్తెమ్మ ఎండాకాలంలో పోయింది. గుండె. నేను వెళ్లేసరికి గల్లీలో టెంటు కడుతున్నారు. ఓనరు చెడ్డవాడు కాదు, తనే నీళ్ల క్యాన్లు తెప్పించాడు, కానీ గేటు తీయలేదు. ఫ్రిజ్ లోపల ఉంది. ఆమె బయట ఉంది. యాదగిరి ఏడవలేదు. నన్ను చూసి, "మల్ల గట్లనే అయింది సారూ" అన్నాడు. టెంటు తాడు ఒకటి వదులైతే నేను పట్టుకున్నాను. అది పట్టుకునే అర్హత నాకుందా అని అప్పుడు అనిపించలేదు. చేతికి పని దొరికింది కదా అనిపించింది.

తర్వాత డిపాజిట్ తీసి కట్టేశాను. పోయిన వడ్డీ చాలా తక్కువ. రికార్డులో మాట మారింది. స్కోరు ఒక్కసారిగా పెరిగింది. కానీ యాదగిరి కూడా అప్పటికి రిటైర్ అయ్యాడు. జీతం లేదు, వయసు దాటింది, ఇంటి లోను రాదన్నారు. నా సలహా వల్లే పెరిగిందనుకుని ఆ మంచి స్కోరును ఫోన్లో దాచుకున్నాడు. చాయ్ హోటల్లో అందరికీ చూపిస్తాడు, "మా సారు బాగు జేసిండు" అంటాడు. స్కోరు పాడైనవాళ్లను నా దగ్గరికి పంపుతాడు. వస్తున్నారు. వాళ్లకు మాత్రం అన్నీ నిజమే చెప్తున్నాను. దానివల్ల ఏమొచ్చింది?

చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాస్తాను. వాతావరణంతో మొదలుపెడతాను. "మంచిదే" అన్న రోజు పేజీ తీసి చూశాను. "పొద్దున ఎండ. మధ్యాహ్నం జల్లు. యాదగిరి వచ్చాడు. స్కోరు గురించి మాట్లాడాం. చాయ్." అంతే ఉంది. డైరీకి కూడా అబద్ధం చెప్పానని కాదు. చెప్పాల్సింది చెప్పలేదు. ఆ పనిలో నాకు మంచి అనుభవం.

నిన్న యాదగిరి వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. మా వరండాలో కూర్చుని, కింద పరిచిన బండల మీద అరచేత్తో రాస్తూ అడిగాడు. "సారూ, కోపం జేసుకోకు. నేను వోయినంక ఓ గంట గీడ పండవెట్టనిస్తవా? రోడ్డు మీద వద్దనిపిస్తుంది."

అతని సంతకంతో వచ్చిన డబ్బుతోనే ఆ బండలు వేయించాను.

"అట్లనే" అన్నాను. మిగతాది చెప్పలేదు. అతను చెప్పులేసుకుని, గేటు జాగ్రత్తగా వేసి వెళ్లిపోయాడు.

ఇదంతా ఒకరోజు అతనికి చదివి వినిపిస్తానా? తెలియదు. వినిపిస్తానని రాస్తే అది ఇంకొక "మంచిదే" అవుతుంది. అతను వింటే క్షమిస్తాడు, నాకు తెలుసు. ఆ క్షమ అంటేనే నాకు భయంగా ఉంది.

సెటిల్డ్ అంటే మంచిది కాదు యాదగిరీ. బాకీ మిగిలిపోయింది అని అర్థం. నాకు అప్పుడే తెలుసు.

రాశాను. ఈరోజు డైరీ పేజీ వాతావరణంతో మొదలుపెట్టలేదు.