కుడి మోకాలు అనుమానం

అబూ ధాబీ పక్కన ముసఫ్ఫాలో నేను పనిచేసిన ఆఫీసు ఒక రేకుల కేబిన్. రెండు టైపు మిషన్లు, నాలుగు ఇనప బీరువాలు, పెద్ద చప్పుడు చేసే ఒక ఏసీ. గుంటూరులో టైపు, షార్ట్‌హ్యాండ్ పాసై వచ్చిన నాకు వర్కర్ల కాగితాలు చూసే పని ఇచ్చారు. వీసాలు, సెలవు చీటీలు, మెడికల్ రిపోర్టులు. రెండో ఏడు ఇంకో పని నెత్తిన పడింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ల కాగితాలు రాయడం. ఎనభయ్యో దశకం మొదట్లోని మాట ఇది.

మా కఫీల్‌కి, అంటే మా వీసాలకి పూచీ ఉన్న అరబ్బు యజమానికి, నాలుగు కంపెనీలు ఉండేవి. ఒకటి కట్టడాలది, ఒకటి లారీలది, మిగతా రెండూ సిమెంటు ఇటుకలవీ పైపులవీ. ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. నాలుగు కంపెనీలకీ జట్లు పెట్టించి, చలికాలమంతా సెలవురోజైన శుక్రవారం సాయంత్రాలు ఆడించేవాడు. గెలిచిన కంపెనీ ముదీర్‌ని, అంటే మేనేజర్ని, పక్కన కూర్చోబెట్టుకుని భోంచేసేవాడు. ఓడినవాడితో వారం రోజులు మాట్లాడేవాడు కాదు. అందువల్ల ఆ నలుగురు మేనేజర్లకీ పైపులూ లారీలూ వెనక్కి పోయి, ఆటే అసలు ఉద్యోగం అయిపోయింది.

ఆటగాళ్లు ఇండియా కాలేజీల నుంచి వచ్చేవారు. యూనివర్సిటీ జట్లకి ఆడినవాళ్లని ఏటా ఒక డజను మందిని ఏజెంట్లు దింపేవారు. వీసా మీద మాత్రం అందరికీ హెల్పర్ అనే ఉండేది. వచ్చిన వారంలోగా వాళ్లకి పరీక్ష. అది అయ్యాక మేనేజర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని వంతులవారీగా ఎంచుకునేవారు. కిందటేడు అడుగున ఉన్న జట్టుకి మొదటి వంతు. ముందు ఎంపికైనవాడికి స్టోర్లోనో ఆఫీసులోనో నీడపట్టున పని, నలుగురుండే గది దొరికేవి. చివర మిగిలినవాడికి ఎండలో సైటు పని, పద్నాలుగు మంది గది. ఆ బల్ల మీదికి వెళ్లే కాగితాలు టైపు చేసేవాణ్ణి నేను.

పరీక్ష పెట్టేది కోచ్. మిలిటరీ జట్టుకి ఆడి రిటైరైన మలయాళీ. నాతో హిందీలో మాట్లాడేవాడు. ఆయన బంతిని చూసేవాడు కాదు. బంతి పోగొట్టుకున్నవాడు మరుక్షణం ఏం చేస్తాడో చూసేవాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడితే మార్కులు కోసేవాడు. పరుగెత్తించి, ఆపి, వెంటనే ఇంటి అడ్రసు అడిగేవాడు. తడబడకుండా చెబితే ఊపిరి మంచిదని లెక్క. మెస్సులో వాళ్లు తినేటప్పుడు వెనక నిలబడి చూసేవాడు. ఎత్తు, బరువు, పరుగు, రెండు కాళ్ల వాటం, కోపం, అన్నిటికీ పదికి ఇన్ని అని వేసేవాడు. అడుగున ఒక వాక్యం చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. మేనేజర్లు అంకెలన్నీ వదిలేసి ఆ వాక్యమే చదువుతారని రెండుసార్లు ఆ బల్ల దగ్గర నిలబడ్డాక నాకు తెలిసింది.

ఆ తర్వాతి ఏడు వచ్చినవాళ్లలో వరంగల్ నుంచి ఒకతను ఉన్నాడు. బి.కాం. ఆఖరి ఏడు మధ్యలో వదిలేసి వచ్చాడు. కాజీపేట రైల్వే గ్రౌండ్‌లో చిన్నప్పటినుంచీ ఆడాడు, యూనివర్సిటీ జట్టులో ఎడమ వైపు ఆడేవాడు. అతని గురించి అక్కడి కోచ్ రాసిన ఉత్తరం ముందే వచ్చింది. ఇలాంటి కుర్రాణ్ణి పదేళ్లకొకసారి చూస్తామని అందులో ఉంది. తెలుగువాణ్ణని తెలిసి నన్ను వెతుక్కుంటూ కేబిన్‌కి వచ్చాడు.

"అన్నా, నా పెట్టె బొంబాయిల్నే ఉండిపోయింది. బూట్లు అండ్లనే ఉన్నయి."

"కంపెనీవి ఇస్తాం తమ్ముడూ, కంగారుపడకు," అన్నాను.

ఆ బూట్లు తెప్పించింది నేనే. వచ్చేవాళ్ల పాదాల కొలతలు ఏజెంటుకి ఉత్తరం రాసి తెప్పించమని కోచ్ నాకు నెల ముందు చెప్పాడు. నేను రాయలేదు. పనెక్కువై కాదు, బద్ధకం. కిందటేటి లిస్టే మళ్లీ టైపు చేసి దుబాయ్‌లో నైఫ్ బజారు దగ్గర ఉన్న కొట్టుకి పంపాను. పరీక్ష రోజు పొద్దున అతని వంతు వచ్చేసరికి నా దగ్గర ఎనిమిదో నంబరు జత ఒక్కటే మిగిలింది.

"అన్నా, నాది తొమ్మిది. కుడికాలి ఏళ్లు మరీ ముడుసుకపోతున్నయి."

"ఒక్క గంటే కదా. సాక్సులు విప్పేసి వేసుకో, సరిపోతాయి."

అతను నా ముఖం చూసి, వంగి లేసులు వదులు చేసుకున్నాడు.

మొదటి పరుగులో అందరికంటే ముందున్నాడు. ఇరవై నిమిషాలు గడిచాక కుడికాలు పూర్తిగా మోపడం మానేశాడు. తిరగాల్సిన చోట తిరగలేక రెండడుగులు ఎక్కువ వేస్తున్నాడు. బంతి వచ్చినప్పుడు మాత్రం ఆ కాలు సంగతి మరచిపోయినట్టు దూకేవాడు, ఆ తర్వాత పళ్లు బిగించి నిలబడిపోయేవాడు. కోచ్ గడియారం ఆపి నా వైపు తిరిగాడు.

"ఆ కుడికాలేంటి? మోకాలా? పాత దెబ్బేదైనా ఉందని నీకు చెప్పాడా?"

బూట్లు చిన్నవి సార్ అంటే అయిపోయేది. అప్పుడు కొలతలు ఎందుకు తెప్పించలేదని అడుగుతాడు. చుట్టూ నలుగురు మేనేజర్ల మనుషులున్నారు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదు నాది. అంతమందిలో తిట్లు తినడం ఇష్టం లేకపోయింది.

"తెలీదు సార్," అన్నాను.

"అయితే రాసుకో. కుడి మోకాలు అనుమానం."

రాసుకున్నాను. మధ్యాహ్నం నాలుగు కాపీలు వచ్చేలా కార్బన్ పెట్టి టైపు చేశాను. ఆ వాక్యం దగ్గర చేతులేమీ ఆగలేదు. ఆ రోజు నాకది పన్నెండు కాగితాల్లో ఒకటి.

రెండు రోజుల తర్వాత బల్ల చుట్టూ కూర్చున్నారు. మొదటి వంతు లారీల కంపెనీ ముదీర్‌ది. వరంగల్ అతన్నే తీసుకోవాలని ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాడాయన. కాగితం అడుగుదాకా చదివి ఆగాడు.

"మోకాలా?" అని కోచ్‌ని అడిగాడు.

"నేను చూసింది రాయించాను," అన్నాడు కోచ్.

ఆయన ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాడు. అక్కడినుంచి జరిగింది నేను నిలబడి చూశాను. రెండోవాడు ఆ కాగితం చదవనేలేదు. మొదటి వంతు ఉన్నవాడే వదిలేశాడంటే లోపల ఏదో ఉండే ఉంటుందని వాళ్ల లెక్క. ఇద్దరు వదిలారని మూడోవాడు, ముగ్గురు వదిలారని నాలుగోవాడు. వంతులు తిరిగేకొద్దీ అనుమానం ముదిరి రోగమైంది. ఆఖరికి ఆ ఒక్క కాగితమే మిగిలింది. వంతు ప్రకారం అతను కట్టడాల కంపెనీకి రావాలి.

"కుంటివాడు నా జట్టుకెందుకు? సైటుకి పంపండి. ఖలాస్," అన్నాడు ఆ ముదీర్.

మోకాలు బాగాలేదన్న మనిషిని ఇనప చువ్వలు మోయడానికి పంపుతున్నామని ఆ గదిలో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

పదిహేను రోజులకి శుక్రవారం పొద్దున నా దగ్గరికి వచ్చాడు. అరచేతులు పొక్కులెక్కి ఉన్నాయి.

"అన్నా, కోచ్ సాబ్‌కి ఒక్క మాట చెప్పు. ఇంకొక్కసారి చూడమను. చెప్పుల్తోనైనా ఉరుకుత."

"వచ్చే ఏడు పరీక్షలో చూద్దాంలే," అన్నాను. ఇప్పుడు మార్చరు, పద్ధతి ఒప్పుకోదు అని కూడా ఏదో చెప్పాను.

భోజనానికి అబూ ధాబీలో మా ఇంటికి తీసుకెళ్లాను. నా భార్య అక్కడే ఆసుపత్రిలో నర్సు. కాగితంలో ఏం రాశానో ఆమెకి తెలుసు, బూట్ల సంగతి చెప్పలేదు. అన్నం తిన్నాక అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆ మోకాలు అటూ ఇటూ వంచి, నొక్కి చూసింది.

"ఈ మోకాలికేం లేదండీ," అంది నాతో. "దీన్ని ఎవరు చూశారు?"

నేను మంచినీళ్లు తేవడానికి లేచాను.

మరుసటేడు పరీక్షలకి ముందు ధైర్యం చేసి కోచ్ దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను, బద్ధకంతో సహా. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. సిగరెట్టు ముట్టించుకున్నాడు.

"నిజమే అనుకో. ఇప్పుడు నేను వెళ్లి ఆ ఒక్క వాక్యం తప్పు అంటే, మిగతా వాక్యాల్లో తప్పులు ఎన్ని అని అడుగుతారు. నా మాట మీదే కదా వాళ్లు మనుషుల్ని ఎంచుకుంటున్నారు. ఆ మాట పోతే నేనెందుకిక్కడ? నువ్వెందుకు?"

"మరి అతని సంగతి సార్?"

"ఎప్పుడైనా మనిషి తక్కువైతే ఆడిద్దాం."

పాతవాళ్ల కాగితాలు ఏటా కొత్తగా కొట్టాలి. పాతది పక్కన పెట్టుకుని చూసి కొట్టడమే. కుడి మోకాలు అనుమానం. ఆ ఏడు మాత్రం ఆ మూడు మాటలు కొట్టడానికి చాలాసేపు పట్టింది. కొట్టాను. మూడో ఏడూ కొట్టాను.

మొదటి ఏడంతా అతను సాయంత్రాలు వర్కర్లుండే క్యాంపు వెనక ఇసకలో ఒక్కడే బంతి తన్నుకునేవాడని విన్నాను. తర్వాత మానేశాడు. పొద్దున నాలుగున్నరకి కంపెనీ బస్సు ఎక్కి, సాయంత్రం దిగేసరికి కాళ్లలో బలం ఉండేది కాదు. శుక్రవారాలు బట్టలుతుక్కుని పడుకునేవాడు. ఆటలు చూడ్డానికి కూడా వచ్చేవాడు కాదు. ఇంట్లో అప్పుడప్పుడు నా భార్య అతని గురించి అడిగేది. బాగానే ఉన్నాడని చెప్పేవాణ్ణి.

మూడో ఏడు చివరి ఆటకి కట్టడాల జట్టులో ముగ్గురు జ్వరంతో పడ్డారు. కోచ్ మాట గుర్తుపెట్టుకుని అతన్ని పిలిపించాడు. ఆ కబురు నేనే మోసుకెళ్లాను. బంకు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కాసేపు నమ్మలేదు. తర్వాత గదిలో ఉన్నవాళ్లందరికీ చెప్పాడు. ఆటకి ఆ గదిలోవాళ్లంతా ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని వచ్చారు.

రెండో సగంలో దిగాడు. బంతి మొదటిసారి వచ్చినప్పుడు కాలు పెట్టాల్సిన చోటు అతనికి ఇంకా తెలుసు. ఎక్కడికి పంపాలో చూశాడు కూడా. కాలు వెళ్లేసరికి బంతి దాటిపోయింది. మూడేళ్లు చువ్వలు మోసిన భుజాలు బరువెక్కాయి. తిరగబోయి జారి పడ్డాడు. మళ్లీ లేచి పరుగెత్తాడు, మూడు పరుగులకే ఆయాసం. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. జనంలో ఎవరో నవ్వారు. యల్లా, యల్లా అని, తొందరగా కదలమని కేకలేశారు. ఇరవై నిమిషాలకి బయటికి పిలిచేశారు.

నా పక్కన కూర్చున్న లారీల ముదీర్ నా మోచెయ్యి తట్టాడు.

"చూశావా? మూడేళ్ల కిందటే మీ కోచ్ చెప్పాడు. మనిషిని చూసి కొలవడమంటే అదీ."

అవును సార్ అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆ వేసవి మొదట్లో అతను రాజీనామా ఇచ్చాడు. వీసా క్యాన్సిల్ కాగితాల మీద సంతకాలకి నా కేబిన్‌కి రావాల్సి వచ్చింది. ఇక చెప్పకుండా పంపలేకపోయాను. తలుపు వేసి అంతా చెప్పాను. బూట్ల లిస్టు, పరీక్ష రోజు కోచ్ అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు. అతను తలొంచుకుని విన్నాడు.

"నాకెరుకే అన్నా."

"ఏం తెలుసు?"

"మొదటి ఏడు సెలవు కాగితం కోసమని నీ దగ్గరికొస్తే, నా ఫైలు బల్ల మీద ఇప్పి పెట్టి నువ్వు చాయ్ తాగనీకి పోయినవు. సదివిన. బూట్ల సంగతి నీకూ నాకే గద ఎరుక. నువ్వే మారుస్తవని ఎదురుసూసిన. మల్లేడు సూసిన."

"అప్పుడే అడగాల్సింది కదా తమ్ముడూ."

"ఇంటికి తీస్కపోయి అన్నం పెట్టినవు. ఎట్లడుగుత?"

అతని గొంతులో కోపం లేదు. నేను ఎదురుచూసింది కోపం కోసం. క్షమించమని నేను అడగలేదు. అతనే వదినని అడిగినట్టు చెప్పమన్నాడు. కాగితాలు తన వైపు తిప్పుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు. చూపించాను. నాలుగు చోట్ల పెట్టాడు.

ఆ ఆటలు ఆ తర్వాత రెండు చలికాలాలే సాగాయి. కఫీల్‌కి జబ్బు చేసి మంచం పట్టాడు, ఆయన కొడుక్కి కార్ల మీద మోజు. గ్రౌండ్‌లో పైపులు దించారు. కోచ్ కేరళ వెళ్లిపోయాడు. వెళ్లే ముందు తన నోటుపుస్తకాలన్నీ నా బల్ల మీద పెట్టి, కాల్చేయమన్నాడు.

బూట్ల సంగతి నా భార్యకి చాలా ఏళ్ల తర్వాత, ఇండియా తిరిగొచ్చేశాక చెప్పాను. అతను ఇప్పుడెక్కడుంటున్నాడని ఆమె అడిగింది. వరంగల్ పక్కన ఏదో ఊరన్నాడు గానీ, ఊరిపేరు నేను అడగలేదన్నాను. ఫైల్లో ఉండేదిగా అంది. ఉండేది. అతని సొంత అడ్రసు మూడేళ్లు వరసగా నేనే టైపు చేశాను. ఒక్క అక్షరం కూడా గుర్తులేదు.