రెండో గ్లాసు బియ్యం

చేపల రైతుల జేబుల్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులండి. నేను ఏలూరు చేపల మార్కెట్లో కత్తిపీట ముందు కూర్చునేదాన్ని. కూర్చోవడం అంటే కుర్చీలో కాదు, గొంతుక్కూర్చోవాలి. ఓ కాలు కత్తిపీట మీద అదిమిపెట్టాలి, లేకపోతే బొచ్చె చేప తల తెగదు. జనం కొనుక్కొచ్చిన చేపలకి పొలుసు తీసి, ముక్కలు కోసి ఇవ్వాలి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా అదే పని. మా ఆయన పోయాక నా కూడు అదే. కోడలి చేతి కూడు తినను. అది మంచిదే పాపం, అయినా తినను.

ఆ ఏడు నా మోకాళ్లు పట్టేశాయి. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. బల్ల వేసుకుని నిలబడి కోద్దామని కత్తి పట్టుకుంటే నా వేలే తెగింది. నా చోటు కోసం చూసేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. నాలుగు రోజులు రాకపోతే అయిదో రోజు అక్కడ ఇంకొకత్తి కూర్చుని ఉంటుంది. అదే నా బెంగ.

డాక్టరుగారు మోకాలు నొక్కి చూసి, "బరువు తగ్గాలమ్మా. రాత్రి అన్నం మానేసి చపాతీ తిను. పొద్దున్నే నడు" అన్నారు. ఎంత ఉన్నానో చూద్దామని ఐసు షెడ్డులో చేపల ట్రేలు తూచే కాటా ఎక్కాను. ఎనభై నాలుగు కిలోలు. తూచేవాడు పళ్లికిలించి, "ఐసు బరువు తీసెయ్యమంటావా అక్కా?" అన్నాడు.

"ముందు నీ నోటి బరువు తియ్యరా సచ్చినోడా" అన్నాను గాని, లోపల మండిపోయింది.

చపాతీలు మొదలెట్టాను. పూటకి నాలుగు, నూనె వేసి కాల్చి. తిన్నాక నిద్రపట్టక మంచం మీద దొర్లడమే. మెతుకు పడందే తిన్నట్టుండదు మాకు. లేచి ఇంత అన్నంలో చేపల పులుసు కలుపుకుని తినేదాన్ని. నెలయ్యాక కాటా ఎక్కితే రెండు కిలోలు పెరిగాను.

పక్క కత్తిపీట ఆవిడ నాకంటే పదేళ్లు చిన్నది, నోరు మాత్రం పెద్దది. సంగతి చెబితే పొలుసు తీసే చెయ్యి ఆపి పడీపడీ నవ్వింది.

"చపాతీ మాత్ర అనుకున్నావా అక్కా, అన్నంతోపాటు మింగడానికి?"

"నవ్వకే. వండిన అన్నం ఏం చెయ్యను, పారబొయ్యనా?"

"ఎసట్లో ఎన్ని గ్లాసులు పోస్తావేంటి?"

"రెండు."

"ఒక్కదానివేగా?"

అప్పుడు లెక్క చూసుకున్నానండి. ఆయన పోయి మూడేళ్లు. పూటకి రెండు గ్లాసులు, ఆయనకొకటి, నాకొకటి. నా చెయ్యి ఆ అలవాటు మానలేదు. పారబొయ్యడానికి మనసొప్పక ఆయన వంతు కూడా నేనే తింటున్నాను, మూడేళ్లుగా.

ఆ పూట ఒక్క గ్లాసే పోశాను. గిన్నె అడుగున ఇంతే అన్నం కనబడితే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిన్నాను. చపాతీల జోలికి మళ్లీ పోలేదు. మా అన్నం, మా పులుసు, ఒకటే గ్లాసు. ఆకలేస్తే మజ్జిగ. మొదటి పది రోజులూ ఇంట్లో డబ్బాలు తీసి మూసి, తీసి మూసి, కాలు నిలవలేదు.

నడక దగ్గర ఇంకో పీకులాట. మాది ఏలూరు పక్క పల్లె, అక్కడ నడవాలంటే చెరువు గట్టే దారి. పొద్దున్నే చెరువుల రైతులు చేపల పట్టుబడికి బయల్దేరేదీ ఆ గట్టు మీదే. ఎదురుగా మొగుడు పోయినది, అదీ ఉత్త చేతులతో. ఒకాయన నన్ను చూడగానే బండి తిప్పుకుని ఇంటికెళ్లి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ వచ్చేవాడు. రెండు రోజులు చూసి మూడో రోజు అనేశాడు. "పొద్దున్నే గట్టు మీద నీకేం పనమ్మా? మాకు పట్టుబడుంది."

సిగ్గేసి మానేశాను. మధ్యాహ్నం నడిస్తే ఎండకి కళ్లు తిరిగాయి. వాకిట్లో అటూ ఇటూ తిరిగాను, బోనులో పందికొక్కులాగ. మోకాలు మళ్లీ బిగిసింది. ఓ రోజు మార్కెట్లో లేవబోయి చతికిలబడిపోతే, నా చోటు కోసం చూసేవాళ్లలో ఒకత్తి, అవతల నిలబడి నా కత్తిపీట వంక చూసింది. నా వంక కాదండి, కత్తిపీట వంక.

మర్నాడు పొద్దున్నే గట్టెక్కాను. మళ్లీ ఆయనే ఎదురు. బండి వెనక ఆయన బావమరిది. బండి ఆపాడు. మర్యాదగానే చెప్పాను.

"ఏవండీ, నేను నడవకపోతే నాకు కూడు లేదండి. మీరు ఇంటికెళ్లి మంచినీళ్లు తాగి రండి, ఈలోపు నేను ఆ తూము దాకా వెళ్లొచ్చేస్తాను."

బావమరిది కిసుక్కుమన్నాడు. ఆయన బండి తిప్పుకున్నాడు. కొన్నాళ్లకి నీళ్ల సీసా బండికే తగిలించుకున్నాడు. నన్ను చూడగానే ఓ గుక్క తాగి, పక్కనుంచి వెళ్లిపోయేవాడు.

పదకొండు కిలోలు తగ్గడానికి ఏడాది పైన పట్టింది. పెళ్లి భోజనాలప్పుడు రెండు ఎక్కుతాయి, మళ్లీ దిగుతాయి. నడక వల్ల మనసుకి ప్రశాంతంగా ఉంటుందంటారు. నాకైతే లేదు. ఒక్క పొద్దు మానితే మోకాలు బిగిసిందేమోనని పదిసార్లు వంచి చూసుకుంటాను.

నా కత్తిపీట వంక చూసిన ఆ మనిషి ఇంకా మార్కెట్టుకి వస్తూనే ఉంటుంది. అది కనబడినప్పుడల్లా నేను లేచి, చేతులు కడుక్కుని, మళ్లీ కూర్చుంటాను. పనేం ఉండదు. నేను లేవడం దాని కంట పడాలని.