మీటరు మీద నల్ల టేపు

ఎండాకాలం మధ్యాహ్నం, మాదాపూర్ నుంచి మియాపూర్ వెళ్లే షేర్ క్యాబ్‌లో ఇద్దరమే ప్రయాణికులం. నేను వెనక కూర్చున్నాను. ముందు సీట్లో హౌస్‌కీపింగ్ యూనిఫాంలో ఉన్న నడివయసు ఆవిడ. ఏసీ గాలిలో బెల్లం పాకం లాంటి తియ్యటి వాసన వస్తోంది. అడుగుదామనుకున్నాను గానీ, కొత్తవాళ్లతో మాట్లాడే ధైర్యం లేక పుస్తకంలో తల దూర్చాను.

"ఇంజన్ సల్లగుంచే కూలెంట్ కారుతుంది, గీ తియ్యటి వాసన దానిదే. బండి ఆపు బిడ్డా," అందావిడ.

డ్రైవర్ నవ్వాడు. "అగర్బత్తి వాసనమ్మా. జర కూసో, పరేషాన్ గాకు."

ఆవిడ చెయ్యి చాచి, స్టీరింగ్ వెనక మీటర్ల మీద అతికించి ఉన్న నల్ల టేపు ముక్కను గోటితో పీకింది. దాని కింద, ఇంజన్ వేడెక్కిందని చెప్పే ఎర్రటి థర్మామీటర్ గుర్తు వెలుగుతోంది.

"అది ఉత్తగనే వెలుగుతదమ్మా, అందుకే మూసిన," అంటూనే అతను కొండాపూర్ దగ్గర బండి పక్కకు తీశాడు. బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది.

"మా ఆయన గూడ తన బండిల గిట్లనే మూసిండు. ఇంజన్ అంటుకున్ననాడు బండిల ఒక్కడే ఉండె. చెప్పేటోళ్లు లేకపాయె."

ఆవిడ వెనక్కి తిరగకుండానే పైనున్న అద్దాన్ని తన వైపు తిప్పుకుని, అందులోంచి నన్ను చూసింది.

"నీకు గూడ వాసనొచ్చింది గద బిడ్డా?"

తలూపాను. దిగేముందు ఆవిడ ఆ టేపు ముక్కను నా పుస్తకం అట్ట మీద అతికించింది.

దాన్ని పీకడానికి నాకింకా ధైర్యం రాలేదు. కింద ఏదో ఎర్రగా వెలుగుతున్నట్టే ఉంటుంది.