మూడు భాషల్లో ఒకే మాట

పొద్దున వంటింట్లో నా భార్య వాము వేయిస్తోంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే పేపరు మడిచి పక్కన పెట్టేశాను. మైకు ముందుకు వెళ్లబోతూ కొంగుముడి విప్పి, చిటికెడు వాము తాను నోట్లో వేసుకుని, ఇంకో చిటికెడు నా అరచేతిలో పెట్టే రాజమ్మక్క గుర్తొచ్చింది. "నములు ఈశ్వరయ్యా, గొంతు ఎండితే మాట దొంగలెక్క వస్తది" అనేది.

రాజమ్మక్క మా బీదర్ వైపు నుంచి ఒక్కసారి శాసనమండలికి వెళ్లిన మనిషి. మాది జనవాడ. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ. ఆ మూడూ వచ్చినందుకే, సభల్లో తన మాటలు తర్జుమా చేయడానికి ఆమె నన్ను పనిలో పెట్టుకుంది. ఢిల్లీలో ఏ బిల్లు వచ్చినా దాని మీద తన అభిప్రాయం నలుగురిలో చెప్పందే ఆమెకు తోచదు. పార్లమెంటు సంగతి మనకెందుకక్కా అంటే, "ఆ చట్టం వచ్చి పడేది మన గల్లీలనే గదా" అని నా నోరు మూయించేది.

మా సరిహద్దు నాయకులకు ఒక సుఖముంది. కన్నడంలో వ్యాపారులకు ఒకటి చెప్పి, తెలుగులో కూలీలకు ఇంకొకటి చెప్పి, దక్కనీలో ఇద్దరినీ నవ్వించి హాయిగా ఇంటికి పోవచ్చు. అక్కకు ఆ సుఖం అచ్చిరాలేదు. తాను తెలుగులో అన్నదాన్ని నా చేత కన్నడంలో చెప్పించి, మళ్లీ తెలుగులోకి తెమ్మనేది. తిరిగొచ్చిన మాట కాస్త మెత్తబడితే చాలు, "ఏడ పోగొట్టినవ్?" అని నిలదీసేది. పెళ్లాం పిల్లలున్న నాకు ఒక్కోసారి ఏడుపొచ్చేది.

కేంద్రం కొత్త కార్మిక చట్టం తెచ్చినప్పుడు, పనిలో చేరిన ప్రతివాళ్లకూ నియామక పత్రం ఇవ్వాలన్నది ఆమెకు నచ్చింది. షిఫ్టు గంటలు పెంచుకోవచ్చన్న దానికి మాత్రం ససేమిరా అంది. కొల్హార్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు దిగి ఆటోల కోసం నిలబడ్డ ఆడవాళ్లకు ఆ రెండూ చెప్పింది.

"మొత్తం చట్టమే వద్దను అక్కా. సగం మంచిదంటే నువ్వు గూడ సేట్ల దిక్కే" అంది చిమ్కోడ్ నుంచి పనికొచ్చే లచ్చమ్మ.

"కాయితం మంచిదే లచ్చమ్మా. గంటలే మంచిగ లేవు. రెండూ చెప్తా."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు ఫ్యాక్టరీ యజమానుల సమావేశం, అంతా కన్నడంలో. పార్టీ జిల్లా పెద్ద మమ్మల్ని వరండాలోనే ఆపాడు. "గంటల ముచ్చట ఈడ ఎత్తకు అక్కా. సేట్లు నారాజైతే నీకు మల్ల టికెట్ రాదు. తెలుగుల ఎంతన్న చెప్పుకో, ఎవరొద్దన్నరు?"

అక్క కొంగుముడి విప్పింది. చిటికెడు వాము నా చేతిలో పెట్టింది. ఆ పదవంటే ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. లోపల, గేటు దగ్గర చెప్పిన రెండు మాటలూ అదే వరుసలో చెప్పింది, నేను కన్నడంలోకి తెచ్చాను. అక్కడా చప్పట్లు లేవు. బయటికొచ్చాక ఒక్కటే అడిగింది.

"కన్నడంల ఏమన్న తక్కువైందా ఈశ్వరయ్యా?"

"లేదక్కా."

ఆమె నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

టికెట్ రాలేదు. ఆ కబురు తెలిసిన సాయంత్రం లచ్చమ్మ అక్క ఇంటికి వచ్చింది. "సేట్ల ముందట గూడ గదే అన్నవంట" అంది. చాయ్ తాగి, చీకటి పడేదాకా అక్క పక్కనే కూర్చుంది.

అక్క పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఇంకో నాయకుడి దగ్గర అదే పని చేస్తున్నాను. ఈ సాయంత్రం జనవాడలో రైతుల సభ. రైతులు వద్దంటున్న విత్తనాల బిల్లుకు తన మద్దతని ఆయన నిన్న కన్నడంలో ప్రకటించాడు. ఆ ఒక్క ముక్కా తెలుగులో వదిలెయ్యమని నాకు రాత్రి ఫోన్ చేశాడు. నేను ఒప్పుకున్నాననుకుని పెట్టేశాడు. ఈ వయసులో పని పోతే కష్టమే. భయంగానే ఉంది.

లేచి వంటింట్లోకి వెళ్లాను.

"అంతా వేయించెయ్యకు. పచ్చిది ఇంత పొట్లం కట్టివ్వు" అన్నాను నా భార్యతో.