బోర్డమ్మ మరిచిన తేదీ

ఆ కాలేజీలో ప్రిన్సిపాల్ ఎవరని అడిగితే తడుముకునే పిల్లలు ఉంటారేమో గాని, బోర్డమ్మ ఎవరని అడిగితే చూపించలేని వాళ్ళు ఉండరు. గేటు దాటి వరండా ఎక్కగానే కుడివైపు గోడకు పెద్ద నోటీసు బోర్డు ఉంటుంది. వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డ, దాని మీద పక్కకు జరిగే రెండు అద్దాల తలుపులు, మధ్యలో చిన్న తాళం. ఆ తాళంచెవి ఇరవై రెండేళ్ళుగా ఆవిడ కొంగు ముడిలోనే ఉంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనపడదు.

ఉద్యోగం అటెండరు. కానీ ఆవిడ చేతిలో ఒక గుండ్రటి ముద్ర ఉంది. ఏ కాగితం ఆ బోర్డెక్కాలన్నా, వరండా చివర ఉన్న సిమెంటు అరుగు మీద మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరు నిలబడి మాట్లాడాలన్నా ఆ ముద్ర పడాల్సిందే. నిజానికది హెడ్ క్లర్కు పని. అప్పటి హెడ్ క్లర్కు విసుగెత్తి ముద్రనూ, సిరా పెట్టెనూ ఆవిడ ముందుకు నెట్టి, "చదివి వెయ్యమ్మా, తిట్లుంటే వెయ్యకు" అన్నాడట. ఆయన రిటైరై వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం అలాగే నిలిచిపోయింది.

చదివి వెయ్యమన్నారు కాబట్టి ఆవిడ చదువుతుంది. ఏడో తరగతితో ఆగిన చదువు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ప్రతి అక్షరాన్నీ పలకరించి గాని వదలదు. ఎదురుగా నిలబడ్డ పిల్లలకు కాళ్ళు పీకుతాయి.

"పిన్నీ, మా పరీక్ష కూడా ఇంతసేపు దిద్దరు."

"అందుకే అన్ని మార్కులొస్తున్నాయి మీకు" అనేది తల ఎత్తకుండానే.

ఒకసారి ఒక పొడుగు కుర్రాడు ఊగిపోతూ వచ్చాడు. ఎదుటి విద్యార్థి జట్టు వాళ్ళ కాగితం తీసెయ్యమన్నాడు.

"అదంతా పచ్చి అబద్ధం పిన్నీ!"

"అయితే నిజం రాసి పట్రా. పక్కన బోలెడు చోటుంది."

"వాళ్ళది తీసి మాది పెట్టు."

"తీసేస్తే నువ్వు దేనికి జవాబు చెప్తున్నావో చదివేవాడికి ఎలా తెలుస్తుందిరా?"

ఆ కుర్రాడు గొణుక్కుంటూ వెళ్ళి రెండు పేజీలు రాసుకొచ్చాడు. వారం రోజుల పాటు రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి. పిల్లలు గుంపులుగా నిలబడి, ఒకటి చదివి, మెడ తిప్పి రెండోది చదివారు. ఆ కాలేజీలో అంత శ్రద్ధగా పాఠ్యపుస్తకాలు కూడా ఎవరూ చదివి ఉండరు.

ఆ ముద్ర మధ్యలో తేదీ ఉంటుంది. చిన్న రబ్బరు పట్టీల మీద అంకెలు. రోజూ పొద్దున బీరువా తీయగానే బొటనవేలి గోరుతో ఒక్క మెట్టు తిప్పాలి. ముద్రలోనే తేదీ ఉంటుంది కనుక పిల్లలు కాగితంలో వేరే తేదీ రాసే అలవాటు లేదు. 'నేటి మధ్యాహ్నం మాట్లాడతాం, అందరూ రండి' అని రాస్తే చాలు. ఆ నేడు ఏ నేడో ముద్ర చెబుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆ తేదీ తప్పలేదు. గోడ మీది క్యాలెండరు చూడకుండా, "బోర్డమ్మ ముద్రలో ఎంత ఉందో చూడవోయ్" అనే లెక్చరర్లు ఉన్నారు. ఆవిడకు అదొక్కటే గర్వం. పైకి చెప్పుకునేది కాదు గాని, ఉంది.

ఆ మంగళవారం పొద్దున ఆఫీసు తలుపులు పూర్తిగా తెరవక ముందే కిటికీ దగ్గర మైకు నిలబడి ఉంది. మైకంటే మనిషే. రెండో సంవత్సరం చదివే పిల్ల, గొంతు విప్పితే మైకు అక్కర్లేదని ఆ పేరు పెట్టారు. తండ్రి ఆటో తోలతాడు. ఒక్క గదిలో ఐదుగురు. ఆ పిల్ల చదువంతా కాలేజీ లైబ్రరీలోనే. అలాంటి లైబ్రరీని రాత్రి ఎనిమిదికి బదులు సాయంత్రం ఐదుకే మూసెయ్యాలని కొత్తగా ఉత్తర్వు వచ్చింది. దాని మీద మాట్లాడాలని కాగితం తెచ్చింది.

బోర్డమ్మ బీరువా తీసింది. ముద్ర బల్ల మీద పెట్టి కాగితం అందుకుంది. మూడో వరుసలో వేలు ఆగిపోయింది.

"ఇదేంటే, ప్రిన్సిపాల్ గార్ని దొంగ అన్నావు?"

"చదువుకునే టైము దొంగిలిస్తే దొంగ కాదా పిన్నీ?"

"టైము దొంగిలించాడని రాయి. ఉట్టి దొంగంటే ఏం పోయిందా అని జనం వెతుక్కుంటారు."

"రెండూ ఒకటేగా!"

"ఒకటే అయితే మార్చడానికి నీకేం నొప్పి?"

మైకు నవ్వి, కాగితంలో ఆ మాట దిద్దింది. బోర్డమ్మ మళ్ళీ మొదటినుంచీ చదివింది. తృప్తి పడి ముద్ర కొట్టింది. వెనకాలే ప్రిన్సిపాల్ గది నుంచి ఆటల జట్ల ఎంపిక నోటీసు వచ్చింది. దాని మీదా కొట్టింది. పదకొండింటికి ఇంకో కాగితం మీద కొట్టాక, పచ్చి సిరా వంక మళ్ళీ చూసింది. తేదీ పదకొండు. ఆ రోజు పన్నెండు. మాటలు సరిచూసే ధ్యాసలో పడి పట్టీ తిప్పడం మరిచిపోయింది.

గబగబా తిప్పేసింది. అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించలేదు. పోనీలే, ఒక్కరోజు తేడా, ఏం కొంప మునుగుతుంది అనుకుని నోరు మూసుకుంది.

మధ్యాహ్నం అరుగు దగ్గర నూట యాభై మంది పోగయ్యారు. మైకు బాగా మాట్లాడింది. ప్రిన్సిపాల్ గదిలో రెండు ఏసీలు ఉన్నాయనీ, చదువుకునే హాల్లో తిరిగే ఫ్యాను ఒక్కటీ లేదనీ అంది. అది నిజమే కాబట్టి చప్పట్లు మోగాయి. ఆ ఊపులో ఓ పాతిక మంది లేచి వెళ్ళి లైబ్రరీ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. మైకూ వాళ్ళ మధ్యలో కూర్చుంది. లోపల నుంచి కళ్ళద్దాల పిల్ల ఒకతి పుస్తకాలు గుండెకు హత్తుకుని బయటికి రాలేక నిలబడింది. రెండింటికి దానికి పరీక్ష.

బోర్డమ్మ విసవిసా నడిచి వచ్చింది.

"లేవండి."

"ఇది పోరాటం పిన్నీ!" అన్నాడొకడు.

"పోరాడు నాయనా, ఎవడొద్దన్నాడు? అరుగు మీద సాయంత్రం దాకా అరుచుకో. ఈ పిల్ల నిన్నేం చేసింది?"

"లైబ్రరీ కోసమేగా మేం కూర్చుంది!"

"లైబ్రరీ తెరిచి ఉంచమని, ఉన్న లైబ్రరీకి అడ్డం పడతారా? తెలివి తెల్లారినట్టే ఉంది. లేవే మైకూ, నువ్వు లేస్తే అందరూ లేస్తారు."

మైకు ఒక్క క్షణం చూసి లేచింది. అందరూ లేచారు. అంతా కలిపి ఐదు నిమిషాలు.

ఏసీల మాట మాత్రం ప్రిన్సిపాల్‌కు గుచ్చుకుంది. బుధవారం మైకు చేతికి కాగితం వచ్చింది. అనుమతి పదకొండో తేదీకి ఉందనీ, సభ పన్నెండున జరిగిందనీ, ముద్ర ఉన్న పాత కాగితాన్ని మోసంతో వాడుకున్నందుకు కాలేజీ నుంచి పేరు ఎందుకు తీసెయ్యకూడదో శుక్రవారం విచారణలో చెప్పుకోవాలనీ దాని సారాంశం. ఎప్పుడూ గొంతు తగ్గని ఆ పిల్ల కిటికీ దగ్గరికి వచ్చి, వినపడీ వినపడనట్టు, "మా నాన్నకు ఎలా చెప్పను పిన్నీ?" అంది.

ముద్రలో తేదీ తప్పిందన్న సంగతి ఆ పిల్లకు తట్టనే లేదు. బోర్డమ్మ ముద్ర తప్పుతుందని ఆ కాలేజీలో ఎవరికి తడుతుంది?

ఇప్పటి హెడ్ క్లర్కుకు మాత్రం అనుమానం వచ్చింది. గొంతు తగ్గించి, "బోర్డమ్మా, నిన్నెవరూ అడగలేదు. అడిగినా గుర్తులేదను. నీ ప్రమోషన్ ఫైలు ఆయన బల్ల మీదే ఉంది" అన్నాడు. మంచి కోరే అన్నాడు.

సాయంత్రం ఇంట్లో ఆవిడ కూరగాయలు తరుగుతూ తరుగుతూ కత్తిపీట ముందే ఉండిపోయింది. సిటీ బస్సు కండక్టరైన భర్త వచ్చి సంగతి విని, "ఇంతేనా! నేనెన్ని స్టాపులు మర్చిపోయానో లెక్కుందా? జనం బస్సు బాదితే ఈల వేసి దింపేవాణ్ణి" అన్నాడు.

"మీ బస్సు మళ్ళీ కదులుతుంది. ఆ పిల్ల చదువు ఒకసారి ఆగితే మళ్ళీ కదలదు."

"అయితే వెళ్ళి చెప్పు."

"సిగ్గుగా ఉందండీ" అంది. ప్రమోషన్ మాట ఆవిడ నోట రాలేదు. "నా ముద్ర తప్పని నా నోటితో చెప్పాలంటే ప్రాణం పోతోంది."

ఆయన కత్తిపీట తన వైపు జరుపుకున్నాడు. మిగిలిన బీరకాయలు తనే తరిగాడు, కాస్త లావుగా.

మర్నాడు పనయ్యాక బోర్డమ్మ తీసేసిన నోటీసుల కట్ట విప్పింది. గడువు తీరిన కాగితాలను పారెయ్యకుండా నెలవారీగా దారంతో కట్టి పెట్టడం ఆవిడ పద్ధతి. అందులోంచి ఒకటి తీసి మడవకుండా అట్టల మధ్య పెట్టుకుంది.

శుక్రవారం విచారణ. బల్లకు అవతల ప్రిన్సిపాల్, లెక్కల మాస్టారు, ఇంకో మేడమ్. ఇవతల మైకు ఒక్కతే. తలుపు తోసుకుని బోర్డమ్మ లోపలికి వచ్చింది.

"నిన్నెవరు పిలిచారు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఎవరూ పిలవలేదండి. ముద్ర నాది కదా, అందుకని వచ్చాను." చెంగు చివర పట్టుకుంది. "ఆ రోజు తేదీ పట్టీ తిప్పడం మర్చిపోయానండి. పన్నెండు పొద్దున కొట్టినవన్నీ పదకొండుగా పడ్డాయి. తెలిశాక కూడా ఎవరికీ చెప్పలేదు. తప్పు ఈ పిల్లది కాదు."

"ఈ పిల్లని కాపాడ్డానికి చెప్తున్నావు. రుజువేంటి?"

ఆవిడ అట్టల మధ్య నుంచి ఆటల నోటీసు తీసి బల్ల మీద పెట్టింది. లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకుని వంగాడు.

"సార్, కింద మీ సంతకం. మీ చేత్తోనే పన్నెండని వేశారు. ముద్రలో పదకొండుంది." ఆగి, గడ్డం గోక్కున్నాడు. "ఆ కాగితం మోసమైతే మరి ఇది..."

మేడమ్ కిటికీ వైపు చూస్తూ నవ్వు ఆపుకుంది.

ప్రిన్సిపాల్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "లైబ్రరీ గుమ్మానికి అడ్డం కూర్చోవడం కూడా నీ ముద్ర తప్పేనా?"

"కాదండి. అది వీళ్ళ తప్పే. ఐదు నిమిషాలు కూర్చున్నారు. లోపల ఒక పిల్ల ఇబ్బంది పడింది. లెమ్మంటే ఈ అమ్మాయే ముందు లేచింది. అరుగు మీద మాట్లాడినంత వరకు తప్పేం లేదండి. నేను రెండుసార్లు చదివాను."

గంట తర్వాత తేల్చారు. మైకు పేరు కాలేజీలో ఉంటుంది. గుమ్మానికి అడ్డం కూర్చున్నందుకు హెచ్చరిక. ముద్ర తప్పు వేసి, తెలిసీ దాచినందుకు బోర్డమ్మకు మెమో. ప్రమోషన్ ఫైలు ఏడాది పాటు పక్కకు.

వరండాలోకి రాగానే మైకు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "గుమ్మం సంగతి చెప్పకపోతే ఏం పిన్నీ?" అంది.

"అది చెప్పకపోతే ఇది నమ్మేవాళ్ళటే?"

మెమోకు జవాబు ఆవిడే రాసింది. 'తేదీ తిప్పడం మరిచాను. తెలిశాక చెప్పడానికి సిగ్గుపడ్డాను. రెండోది పెద్ద తప్పు.' అంతే. హెడ్ క్లర్కు చదివి, క్షమించమనే మాట ఒకటి చేరుద్దామన్నాడు. ఆవిడ చేర్చింది.

సోమవారం పొద్దున మైకు, దాని వెనక ఇంకో పదిమంది కిటికీ దగ్గరికి వచ్చారు. కాగితం ఇచ్చారు. బోర్డమ్మ వేలు పెట్టి చదవడం మొదలు పెట్టింది. 'నిజం చెప్పిన మనిషికి శిక్షా? బోర్డమ్మకు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకోవాలి. నేటి మధ్యాహ్నం అరుగు దగ్గర...'

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏంటే ఇది? మెమో సరిగ్గానే ఇచ్చారు. తప్పు చేశాను కదా."

"మేం అలా అనుకోవట్లేదు పిన్నీ."

"నాకిది బొత్తిగా నచ్చలేదు."

"నచ్చకపోతే ముద్ర వెయ్యవా?" అన్నాడు పొడుగు కుర్రాడు. వాడు కూడా వచ్చాడు.

బోర్డమ్మ కాగితం రెండోసారి చదివింది. తిట్లు లేవు. కింద పదకొండు పేర్లున్నాయి. ముద్ర వేసి, బోర్డు తాళం తీసి నాలుగు మూలలా పిన్నులు గుచ్చింది.

పదింటికి ప్రిన్సిపాల్ అటుగా వెళ్తూ ఆగాడు. అద్దంలోంచి మొత్తం చదివాడు.

"ఇది నువ్వే పెట్టావా?"

"అవునండి."

"ఇందులో రాసింది నువ్వు ఒప్పుకుంటావా?"

"లేదండి. మీరు చేసింది సబబే."

"మరెందుకు పెట్టావు?"

"నాకు నచ్చినవే పెడితే అది మా ఇంటి గోడవుతుందండి."

ఆయన తన గదిలోకి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అరుగు దగ్గర జనం బాగానే చేరారు. తన పేరు నలుగురి నోటా వినపడుతుంటే బోర్డమ్మ టిఫిన్ డబ్బా తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి కూర్చుంది. రెండింటికల్లా పరీక్ష గదుల నంబర్లు అంటించాలి.