నాంపల్లి గోడల మీద మశూచి బొమ్మ

మొన్న మొజంజాహీ మార్కెట్ దాటి అబిడ్స్ వైపు నడుస్తుంటే వాన పట్టుకుంది. తడవకుండా ఒక చాయ్ బండి కింద నిలబడ్డాను. పైన కప్పింది మామూలు గుడ్డ కాదని, డెంగీ జ్వరం గురించి ప్రభుత్వం కట్టించిన ఫ్లెక్సీ అని కాసేపటికి గమనించాను. దోమ బొమ్మ తలకిందులుగా ఉంది. ఇంటి చుట్టూ నీరు నిలవనీయకండి అన్న అక్షరాల వెనకే వాననీరు కడవంత మూటకట్టి వేలాడుతోంది. దీన్ని ఎప్పుడైనా చదివావా అని బండి మనిషిని అడిగితే, మందం గుడ్డ సార్, ఎంత వానకైనా ఆగుతది అన్నాడు. నవ్వొచ్చింది గాని ఆ నవ్వు చివరిదాకా రాలేదు.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, నిజాం రాజ్యం మీద పోలీసు చర్య ముగిసి, సర్కారు దఫ్తర్లలో ఉర్దూ పక్కన తెలుగు కూడా మెల్లగా కుర్చీ వేసుకుంటున్న రోజులవి. అబిడ్స్‌లో ఒక మేడమీది ఆఫీసులో, జబ్బుల గురించి జనానికి తెలుగులో రాసి చెప్పే పని నాకు దొరికింది. కరపత్రాలు, గోడల మీద అంటించే బొమ్మల కింద వాక్యాలు, సినిమాహాలు తెర మీద వేసే స్లైడులు, అన్నీ నేనే రాసేవాణ్ణి. సాయంత్రమైతే సంస్కరణ సభలు, దేవుడు లేడని, దయ్యం లేదని గొంతు పోయేదాకా వాదనలు. మనిషికి నిజం చెబితే చాలు, మిగతాది అతని బుద్ధే చూసుకుంటుందని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో ఎంత హాయి ఉండేదో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందే నాంపల్లి స్టేషను వెనక వాడల్లో మశూచి మొదలైంది. మా పై అధికారి మంచివాడే, కాని పల్లెను రైలు కిటికీలోంచి తప్ప చూడనివాడు. జబ్బును చూడగానే జనం హడలిపోవాలని ఆయన పట్టు. చిత్రకారుణ్ణి కూర్చోబెట్టుకుని, జుట్టు విరబోసుకున్న ఒక ఆడది ఎర్రచీర కట్టి, పెద్ద పెద్ద కళ్లతో ఇంటి గడప తొక్కుతున్నట్టు బొమ్మ వేయించాడు. కింద నా వాక్యం, మశూచి మీ ఇంటికి రాకముందే టీకా వేయించుకోండి అని. రంగులు మాత్రం అద్భుతంగా కుదిరాయి. స్టేషను గోడల నుంచి మార్కెట్టు దాకా అంటించాం.

చదవడం వచ్చినవాళ్లు ఆ వాడల్లో ఎందరు? వాళ్లు చూసింది ఎర్రచీరను, విరబోసిన జుట్టును. మర్నాటికే బొమ్మకు పసుపు కుంకుమ పెట్టారు, వేపమండలు గుచ్చారు, కింద దీపం వెలిగించారు. ఇంకొందరు గోడను నీళ్లతో నానబెట్టి, బొమ్మ చిరగకుండా ఒలిచి, ఇంటికి తీసుకుపోయి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. గోడలు ఖాళీ కావడం చూసి మా అధికారి మురిసిపోయాడు, ప్రజలు ఎంత ఆత్రంగా అందుకుంటున్నారో చూడండి అని మళ్లీ అచ్చు వేయించాడు. వాళ్లు పూజ చేస్తున్నారండీ అని నేను మొత్తుకుంటే, ఏం చేస్తేనేం, కాగితం ఇంట్లోకి చేరింది కదా అన్నాడు. ప్రచారం అంటే కాగితం చేరడమే అనుకునేవాళ్లతో వాదించడం, దేవుడున్నాడనేవాళ్లతో వాదించడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది.

బొమ్మను ఒలిచి తీసుకుపోయినవాళ్లలో మా అక్క అత్తగారు ఒకరు. బావ స్టేషను సామాన్ల గోడౌనులో పని చేసేవాడు, వాళ్ల కాపురం ఆ వాడలోనే. అక్కకు ఏడాది నిండని ఆడపిల్ల, నన్ను చూస్తే నా కళ్లజోడు కోసం ఎగబడేది. ఆ పిల్లకు టీకా పడలేదు. పక్క ఇంటి గుమ్మానికి అప్పటికే మశూచి గుర్తుగా వేపాకు వేలాడుతోంది. అక్కకు వేయించాలనే ఉంది గాని అత్త మాట దాటలేదు, బావేమో తన తల్లి ముందు నోరు విప్పడు. అందుకని దఫ్తరు నుంచి రోజూ నేరుగా అక్కడికే పోయి అత్తగారితో వాదన పెట్టుకునేవాణ్ణి. ఈ జబ్బు తల్లీ కాదు, దేవతా కాదు, కంటికి కనిపించని పురుగు అని సభల్లో చెప్పినట్టే చెప్పేవాణ్ణి. ఆమె ఓపిగ్గా విని, చాయ్ గ్లాసు నా ముందుకు జరిపేది.

"నువ్వు చెప్పే పురుగును నీ కండ్లతోని చూసినవా బిడ్డా?"

లేదు అత్తమ్మా, పుస్తకాల్లో చదివాను అన్నాను.

"నేను తల్లిని చూడలే, మా అవ్వ చెప్పంగ విన్న. ఇగ నీకూ నాకూ ఫరక్ ఏమున్నది? చల్లారుతున్నది, తాగు."

చివరికి ఆమే ఒక దారి చూపింది. బోనాలప్పుడు అమ్మవారు పూనే శివసత్తి చెబితే పిల్లకు టీకా వేయిస్తానంది. ఆ శివసత్తి మార్కెట్టు పక్కన ఆకుకూరల గంప పెట్టుకుని అమ్మే మనిషి. సభలో మిత్రులకు చెబితే, మూఢనమ్మకాన్ని పోయి బతిమాలుతావా అని చీదరించుకున్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. కాని వాళ్ల మేనకోడళ్లెవరూ ఆ వాడలో లేరు. నేను పోయాను.

"సభల నన్ను దొంగదంటవట గదా. గిప్పుడు నా గంపకాడికి వచ్చినవేంది?" అని నవ్వింది ఆమె. తలవంచుకుని అంతా చెప్పాను. కోపగించుకోకుండా విన్నది.

"తల్లి వాడల తిరుగుతుండంగ పసిపిల్లకు సూది గుచ్చుతరా? జర ఆగుండ్రి. ఆషాఢంల బోనం ఎత్తి, తల్లిని సాగనంపినంక ఏపియ్యుండ్రి. నేనే అందరికి చెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు."

అన్న మాట నిలబెట్టుకుంది. అచ్చు యంత్రాలూ రంగులూ ఇన్నాళ్లుగా చేయలేని పని ఆమె గంప దగ్గర కూర్చునే చేసింది. కొద్ది రోజుల్లోనే టీకా వేయించుకోవాలన్న మాట వాడలో ప్రతి ఆడమనిషి నోటా వినబడింది. నా వాక్యం మొదటిసారి జనంలోకి పోయింది, బోనాలు అయినంక అన్న ముడితో సహా. అది ఇంకా వైశాఖం. మళ్లీ పోయి ఎంత బతిమాలినా, తల్లి మాట మార్చడం నా చేతిలో లేదంది. అత్తగారైతే టీకాకు ఒప్పుకున్నాను కదా, ఇంకేం కావాలి అన్నట్టు చూసింది. ఒప్పుకున్న మనిషితో ఎలా వాదించాలో ఏ సభలోనూ నేర్పలేదు.

వైశాఖం దాటకముందే పిల్లకు జ్వరం వచ్చింది, ఆ తర్వాత ఒళ్లంతా పోసింది. అత్తగారు చేసిన సేవ మాత్రం ఎన్నటికీ మరవలేను. వేపమండతో విసురుతూ, గుక్కెడు గుక్కెడు మజ్జిగ పోస్తూ, తను తిండి మాని పిల్లను కనిపెట్టుకుని ఉంది. ప్రేమ లేక చంపుకోలేదు, ఎవ్వరూ అలా చంపుకోలేదు. పిల్ల దక్కలేదు.

మట్టి చేసి వచ్చాక ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. తిడుతుందనుకున్నాను.

"సూది ఏపిస్తె బతుకుతుండెనా బిడ్డా?"

బతికేదేమో అత్తమ్మా అన్నాను.

"మరి ఆ ముచ్చట ముంగటనే ఎందుకు చెప్పకపోతివి?"

అందులో నింద లేదు, ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. రోజూ ఆ గడప మీద కూర్చుని నేను చెప్పిందంతా ఆమెకు ఒక కుర్రవాడి చదువు ముచ్చటగా వినబడిందే గాని, ఆ పిల్ల ప్రాణం గురించిన మాటగా ఒక్కసారైనా వినబడలేదు. అక్క గోడకు ఆనుకుని మా ఇద్దరినీ చూస్తూ ఉండిపోయింది.

ఆషాఢంలో బోనాలు అయ్యాయి. మర్నాడు ఆడవాళ్లు మాట ప్రకారం పిల్లల్ని చంకనేసుకుని, నెత్తికి నూనె రాసి, శుభ్రమైన గౌన్లు తొడిగి టీకాల కోసం వచ్చి నిలబడ్డారు. జబ్బు తగ్గిందని టీకాలవాళ్లను అప్పటికే వేరే వాడకు పంపేశారు. మధ్యాహ్నం దాకా చూసి, పిల్లలకు పుట్నాలు కొనిపెట్టి వెళ్లిపోయారు. ఇంకో ఏడు వస్తారని నేను వాళ్లకు చెప్పాను. నాకే నమ్మకం లేదు.

తర్వాత చాలా ఏళ్లకు మశూచి లోకం నుంచే పోయింది. అది పోయింది సూది పట్టుకుని ఇంటింటికీ తిరిగినవాళ్ల కాళ్ల వల్ల, నాబోటివాడి వాక్యాల వల్ల కాదు. అయినా జీవితమంతా వాక్యాలే రాశాను, ఇంకో పని రాదు గనుక. ఇప్పుడు ఏ జబ్బు వచ్చినా ఒక్క క్షణంలో ఊరందరి చేతిలోని ఫోన్లకూ మాట చేరిపోతుంది, నిజమూ అబద్ధమూ ఒకే వేగంతో, ఒకే అందమైన అక్షరాలతో. చెప్పినవాడు చెప్పేశానని నిద్రపోతాడు. ఆ రోజుల్లో నా మాట వినని మనిషి కనీసం నా ఎదుట కూర్చునేది, చాయ్ ఇచ్చేది, ఎందుకు వినడం లేదో చెప్పేది. ఇప్పుడు ఎవరు వినలేదో కూడా మనకు తెలియదు.