చిలుములో మిగిలిన నేత

మా అమ్మాయి గోళ్ళ రంగు చెరుపుకుంటోంది. నార్త్ యార్క్‌లోని మా చిన్న కాండో నిండా అసిటోన్ వాసన. కిటికీ తెరిచినా తొందరగా పోదు. ఆ వాసనకు నాకు సలోమీ గారి లాబ్ గుర్తొస్తుంది.

సలోమీ గారిది నర్సాపురం. టొరంటోలో ఒక మ్యూజియంలో పాత లోహపు వస్తువులను శుభ్రం చేసి కాపాడే పని ఆవిడది. హైదరాబాదులో కెమిస్ట్రీ చదివి వచ్చిన నన్ను కాంట్రాక్టు మీద సహాయకురాలిగా తీసుకున్నారు. స్కాల్పెల్ అనే సన్నటి కత్తి పట్టుకోవడం, ఊపిరి బిగబట్టడం, సందేహం వస్తే చేయి వెనక్కి తీసుకోవడం ఆవిడే నేర్పారు.

ఒకరోజు ఎవరో దాత ఇచ్చిన కంచు కవచం మా బల్ల మీదికి వచ్చింది. పైన రెండు, కింద ఒకటి, మూడు గుండ్రటి బిళ్ళలు. రోమన్లు గెలవక ముందు దక్షిణ ఇటలీ కొండల్లో ఒక యోధుడు గుండెల మీద కట్టుకున్నది. అక్కడ పెద్దింటి మగవాళ్ళను కవచంతో, నడుముకు కంచు పట్టీతో, పక్కన ఈటెలతో, ద్రాక్షసారా పాత్రలతో పూడ్చేవారట. ఇది ఏ సమాధిలోదో మాత్రం ఎవరికీ తెలియదు. దొంగలు తవ్వి కంచు అమ్ముకుని, ఎముకలు పారేసి ఉంటారని ఆవిడ అన్నారు.

కవచం వెనకవైపు పచ్చటి చిలుమును మైక్రోస్కోప్ కింద చూస్తూ నన్ను పిలిచారు.

"ఇలా రా అమ్మా. గుడ్డ ఎప్పుడో పోయింది గానీ, నేత చిలుములో అచ్చుపడిపోయింది. ఇదిగో, ఇక్కడ చిరిగితే ఎవరో కుట్టారు."

"అంత గొప్పవాడికి చిరుగు చొక్కానా అండీ?"

"రోజూ వేసుకునేదే తొడిగి ఉంటారు, తల్లో, పెళ్ళామో. దీన్ని ముట్టుకోవద్దు. ఆయనది మిగిలింది ఇదే."

మరుసటి వారం ఆవిడ కీమోకు లీవ్ పెట్టారు. ఎగ్జిబిషన్ దగ్గరపడింది. కవచం రెండువైపులా మెరవాలి, వెనక కూడా క్లీన్ చేసెయ్ అన్నాడు మేనేజర్. నేత సంగతి చెప్పాను. రిపోర్ట్‌లో లేదుగా అన్నాడు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు అయిపోతుంది. కెనడాలో శాశ్వతంగా ఉండిపోవడానికి పెట్టుకునే పీఆర్ అప్లికేషన్‌కు ఉద్యోగపు లెటర్ కావాలి. మూడు రోజులు గీకాను. కుట్టు దగ్గరికి వచ్చినప్పుడు కూడా చేయి వెనక్కి తీసుకోలేదు.

తలకు స్కార్ఫ్ కట్టుకుని ఆవిడ తిరిగి వచ్చారు. కవచం తిప్పి, మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూశారు.

"ఫోటోలు తీశావా?"

"లేదండీ." తీస్తే నేనేం చెరిపేశానో సాక్ష్యం ఉంటుందని భయపడ్డాను.

"నేనూ తీయలేదు. వచ్చాక తీరిగ్గా చేద్దామనుకున్నా." లైట్ ఆపేశారు. "పీఆర్ వస్తే చెప్పమ్మా."

ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది.

మంచు కరగకముందే ఆవిడ పోయారు. "నా వల్ల కావడం లేదు, అక్కకు చీర నువ్వు కట్టవా?" అని వాళ్ళ చెల్లెలు అడిగింది. తెల్ల పట్టుచీర. చల్లబడిన ఆ నడుము దగ్గర కుచ్చిళ్ళు దోపుతుంటే, ఆ చిరుగు చొక్కా తొడిగినవాళ్ళ చేతులూ ఇలాగే తడబడి ఉంటాయనిపించింది. చెల్లెలు నాకు థాంక్స్ చెప్పింది. తల ఎత్తలేకపోయాను.

పీఆర్ వచ్చింది. గాజుపెట్టెలో కవచం మెరుస్తోంది, జనం ఫోటోలు తీసుకుంటారు. ఆ కుట్టును చూసినవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. అప్పుడప్పుడు కాగితం మీద గీయబోతాను. దారం ఎటు వాలి ఉండేదో నాకిప్పుడు గుర్తు రావడం లేదు.